ఓడను మధ్యకు కోసి పొడిగించడం

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, “అన్నా, నీ ఉద్యోగం గురించి ఒక అరగంట చెప్పు. వెనక బెంచీ పిల్లోళ్లకు కూడా తెలియాల” అన్నాడు. నా ఉద్యోగం ఓడల బలం లెక్క కట్టడం. చెరువు నిండితే పండగ చేసుకునే ఊళ్లో పుట్టినవాడికి ఓడలతో ఏం పని అని బంధువులు ఇప్పటికీ అడుగుతారు. హిందూపురంలో ఇంటర్ అయ్యాక విశాఖపట్నంలో సీటొచ్చింది, పోయాను. అంతకు మించి కథ లేదు. ఓడలు కట్టడంలో మన రాష్ట్రానికి పాత పేరే ఉంది. స్వతంత్రం వచ్చాక దేశంలో కట్టిన మొదటి పెద్ద ఓడ ‘జల ఉష’ విశాఖలోనే తయారైంది. 1948 మార్చి 14న నెహ్రూ గారు దాన్ని నీళ్లలోకి వదిలారు.

ఈరోజు మా వృత్తిలోని ఒకే ఒక్క పని గురించి చెబుతాను. తిరుగుతున్న ఓడను అడ్డంగా రెండు ముక్కలుగా కోసి, మధ్యలో కొత్త ముక్క పెట్టి, మళ్లీ ఒకే ఓడగా అతికే పని. దీన్నే ఎందుకు ఎంచుకున్నానో చివర్లో చెబుతాను. సాయంత్రం మనం చేయబోయే తీర్మానంతో దీనికి సంబంధముంది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా చమురు ఓడలను చాలావాటిని ఇలాగే పెంచారు. విహారానికి వెళ్లే ప్రయాణికుల ఓడల్లో మొదట పొడిగించింది ‘సాంగ్ ఆఫ్ నార్వే’ అని చెబుతారు. 1978లో ఫిన్లాండ్‌లోని హెల్సింకిలో దానికి 26 మీటర్ల ముక్క కలిపారు. అప్పటిదాకా ఏడు వందల పైచిలుకు మంది పట్టే ఓడలో వెయ్యి మందికి పైగా పట్టారు. 2005లో ‘ఎన్‌చాంట్‌మెంట్ ఆఫ్ ది సీస్’ అనే ఓడను నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో పొడిగించారు. 2014, 2015 సంవత్సరాల్లో ఎం.ఎస్.సి. సంస్థ తన నాలుగు ఓడలను ఒకదాని తర్వాత ఒకటి ఇటలీలోని పలెర్మోకు పంపి, ఒక్కోదానికి 24 మీటర్లు పెంచుకుంది. వీటిలో ఏ ఓడ మీదా నేను పనిచేయలేదు. కానీ మా వృత్తిలో ఉన్నవాళ్లం వీటి లెక్కలను పాఠాల్లాగా చదువుకుంటాం. నేను రోటర్‌డామ్ ఓడను ఉదాహరణగా తీసుకుంటాను.

అసలు మధ్యలోనే ఎందుకు? ఓడ ముందు భాగం నీటిని చీల్చడానికి సన్నగా ఉంటుంది. వెనక భాగంలో ప్రొపెల్లర్లు, చుక్కాని ఉంటాయి. నడిపేవాళ్ల గది ముందువైపు ఉంటుంది. ఖరీదైనదీ, ఆకారం కష్టమైనదీ అంతా కొసల్లోనే. మధ్యలో మాత్రం కొంత దూరం ఓడ రూళ్లకర్రలాగా ఒకే కొలతతో సాగుతుంది. అక్కడ కోస్తే రెండు వైపులా ఒకే ఆకారం కనబడుతుంది. అదే ఆకారంలో ఇంకో ముక్క చేసి పెడితే ఇటూ అటూ సరిపోతుంది. యజమాని లెక్క కూడా ఇదే. కొత్త ఓడ కట్టించాలంటే ఏళ్లు పడుతుంది, ఇంజన్ల దగ్గర్నుంచి అన్నీ కొత్తగా కొనాలి. మధ్య ముక్కలో అయితే ఎక్కువగా ఉండేవి టికెట్ డబ్బు తెచ్చే గదులే. రోటర్‌డామ్ ఓడకు అలా 151 గదులు పెరిగాయి.

ఆ ముక్క పొడవు 22 మీటర్లు. మన బసవన్నలను ముగ్గురిని వరుసగా కూర్చోబెడితే వచ్చే పొడవు కంటే కాస్త తక్కువ. దాన్ని ముందే ఫిన్లాండ్‌లో కట్టి, బార్జి మీద రోటర్‌డామ్‌కు తెచ్చారు. బరువు దాదాపు 3,000 టన్నులు. ఇంత బరువు కలిపితే ఓడ మునగదా అని పిల్లలకు అనుమానం రావాలి. తొమ్మిదో తరగతి లెక్కే చేద్దాం. పొడవు 22 మీటర్లు, వెడల్పు 32 మీటర్లు, నీళ్లలో ఉండే లోతు సుమారు ఏడున్నర మీటర్లు. మూడూ గుణిస్తే 5,280 ఘనపు మీటర్లు. అంటే ఆ ముక్క ఐదు వేల టన్నులకు పైగా నీటిని పక్కకు నెడుతుంది. తన బరువు తాను మోసుకోవడమే కాక, ఇంకా రెండు వేల టన్నుల తేలుడు శక్తి మిగులుతుంది. మునగడం గురించి దిగులు లేదు. దిగులంతా వేరే చోట ఉంది.

అది తెలియాలంటే కావడి గుర్తు తెచ్చుకోండి. రెండు కొసలకు రెండు కడవలు, మధ్యలో భుజం. బద్ద రెండు కొసల దగ్గర కిందికి వంగుతుంది, భుజం మీద పైవైపు సాగుతుంది. విరిగితే ఎక్కడ విరుగుతుంది? కడవల దగ్గర కాదు, భుజం దగ్గర. పెద్ద అల ఓడ నడుము కిందికి వచ్చినప్పుడు ఓడ అచ్చం కావడే. ఆ అల దాటి, రెండు కొసల కింద రెండు అలలు వచ్చినప్పుడు కాలువ మీద వేసిన పలకలాగా నడుము కిందికి దిగుతుంది. ఓడ జీవితమంతా ఇలా పైకీ కిందికీ వంగుతూనే ఉంటుంది. కావడి బద్దను బారెడు పెంచి అవే కడవలు కట్టండి, భుజం దగ్గర వంపు ఎంత పెరుగుతుందో చూడండి.

అలల వల్ల ఓడ నడుముకు వచ్చే వంపు బలం, మేం వాడే నిబంధనల్లో, పొడవు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. రోటర్‌డామ్ ఓడ సుమారు 280 మీటర్ల నుంచి 301 మీటర్లకు పెరిగింది. పొడవు పెరిగింది నూటికి ఎనిమిది పాళ్లే. నడుము మీద పడే వంపు మాత్రం దాదాపు నూటికి పదహారు పాళ్లు పెరుగుతుంది. పైగా కొత్త ముక్కలో మిగిలిన ఆ తేలుడు శక్తి కూడా నడుమునే పైకి నెడుతుంది.

కాబట్టి కొత్త ముక్కను ఎంత గట్టిగా కట్టినా చాలదు. దానికి ముందూ వెనకా ఉన్న పాత ఓడ కూడా ఈ కొత్త భారాన్ని మోయాలి. పాత డెక్కుల మీద, అడుగు భాగంలో అదనపు ఉక్కు వేసి బలపరచాలి. పొడిగింపులో సగం పని కొత్త ముక్కలో జరగదు, పాత ఓడలో జరుగుతుంది. ఫొటోల్లో కనబడేది కొత్త ముక్క జారుకుంటూ వచ్చే దృశ్యం. మేం నిద్ర మానుకునేది పాత ఉక్కు గురించి.

ఇక కోసే పని. ఓడను డ్రై డాక్‌లోకి తెచ్చి, నీళ్లు తోడేసి, దిమ్మెల మీద కూర్చోబెడతారు. లిఫ్టులు, మెట్లు, పెద్ద యంత్రాలు తగలకుండా కోత గీత ముందే నిర్ణయించి ఉంటుంది. ఆ గీత దాటే ప్రతి నీటి గొట్టాన్ని, ప్రతి గాలి గొట్టాన్ని, ప్రతి కరెంటు తీగను విప్పి గుర్తు పెడతారు. తర్వాత గ్యాస్ మంటతో ఉక్కును కోస్తారు. ఒక భాగాన్ని కదలకుండా ఉంచి, రెండో భాగాన్ని పట్టాల మీద జాకీలతో మెల్లగా జరుపుతారు. సందులోకి కొత్త ముక్కను తెచ్చి, రెండు వైపులా మిల్లీమీటర్ల తేడాలో కలుపుతారు.

ఆ మిల్లీమీటర్ల దగ్గర ఎండ అడ్డమొస్తుంది. 280 మీటర్ల ఉక్కు పది డిగ్రీలు వేడెక్కితే మూడు సెంటీమీటర్లకు పైగా సాగుతుంది. ఒక పక్క ఎండ, ఇంకో పక్క నీడ ఉంటే ఓడ పక్కకు కూడా వంగుతుంది. అందుకే అసలైన కొలతలు పొద్దు పొడవక ముందే తీసుకోవాలి. మన ఊరి ఎండలో పెరిగినవాడికి ఇది వేరే చెప్పనక్కర్లేదు.

వెల్డింగ్ అయ్యాక తీగలు కలపాలి. ధర్మవరంలో మగ్గం మీద పాత పడుగు అయిపోయినప్పుడు కొత్త పడుగును పోగు పోగుకు అతుకుతారు. వేల పోగుల్లో ఒకటి తప్పినా చీరలో తెలిసిపోతుంది. ఓడలో తీగలదీ అదే ఓపిక. అతుకులన్నింటినీ శబ్ద తరంగాలతో, ఎక్స్‌రేలతో పరీక్షిస్తారు. ఓడ నిలకడను మళ్లీ మొదటి నుంచి లెక్క కట్టి, సముద్రం మీద నడిపి చూస్తారు.

ఇంకో రెండు సంగతులున్నాయి. 151 గదులంటే మూడు వందల మందికి పైగా జనం. వాళ్లకు ప్రాణరక్షణ పడవల్లో చోటు కావాలి, తాగునీళ్లు కావాలి, వంట కావాలి, మురుగు పోయే దారి కావాలి. గదుల లెక్క ఒక్కటే చూసి ఓడను పెంచితే అనుమతి రాదు. రెండోది, పెంచితే కొన్ని దారులు మూసుకుపోతాయి. పనామా కాలువ పాత తూముల్లో పట్టే ఓడ పొడవు 294 మీటర్లే. 301 మీటర్లకు పెరిగిన ఓడకు ఆ దారి లేకుండా పోయింది. 2016లో పెద్ద తూములు తెరిచాకే అంత పొడవు ఓడలకు వీలు కలిగింది. యజమానులు అది తెలిసే ఒప్పుకున్నారు. పెంచినప్పుడు ఏం పోతుందో ముందే రాసి పెట్టుకోవడం మా వృత్తిలో ఆచారం.

ఇప్పుడు సాయంత్రం తీర్మానం సంగతి. స్వర్ణోత్సవ నిధితో బడికి ఆరు గదులు కట్టాలనుకుంటున్నాం. మూడు మాటలు వినబడుతున్నాయి. పాత రాతి గదుల వరుస కూల్చి కొత్త భవనం కట్టాలని కొందరు, ఆ వరుస మీదే అంతస్తు వేయాలని కొందరు, పక్కన కలపాలని కొందరు. దాతలు ముందుకొచ్చారు, ఒక్కో గదికి ఒక్కో పేరు కూడా దాదాపు ఖాయమైంది. సంతోషం. నేను భవనాల ఇంజనీరును కాను. అయినా నా వృత్తి నేర్పిన మూడు ప్రశ్నలు సభ ముందు పెడతాను.

మొదటిది, పాతది ఎంత మోయగలదు? ఆ గోడలు ఏ పునాది మీద ఉన్నాయో, రాళ్ల మధ్య ఏ గార ఉందో మనలో ఎవరం తవ్వి చూడలేదు. చూడకుండా అంతస్తు వేయడం కుదరదు. చూడకుండా కూల్చడమూ తగదు. గుడిలో వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూడని వాళ్లు మనలో లేరు. దొర ఒకాయన దాన్ని కదిలించబోతే చుట్టూ ఉన్న స్తంభాలు కూడా కదిలాయని మన పెద్దలు చెప్పేవాళ్లు. నిజమో కాదో గాని, అందులో నీతి మాత్రం ఉంది. ఒక చోట చెయ్యి పెడితే బరువు ఇంకో చోటికి పోతుంది.

రెండోది, అతుకు ఎలా? ఇక్కడ ఓడ పద్ధతి పనికిరాదు. ఓడలో రెంటినీ ఒకటయ్యేలా వెల్డింగ్ చేస్తాం. పాత రాతి కట్టడం ఎప్పుడో సర్దుకుని కూర్చుంది, పక్కన కట్టే కొత్తది ఇంకా సర్దుకోవాలి. రెంటినీ బిగించి కడితే అతుకు దగ్గర పగులుతుంది. మధ్యలో సందు వదిలి, వాన నీళ్లు దూరకుండా మూత వేయాలి. దానికీ డబ్బవుతుంది. ఆ సందు మీద పేరు చెక్కించుకోవడానికి మాత్రం ఏ దాతా రాడు.

మూడోది, నీళ్లు. ఆరు గదులంటే రెండు వందల మంది పిల్లలు. ఓడ చుట్టూ సముద్రం ఉంటుంది, ఉప్పు నీటిని మంచినీళ్లు చేసుకుంటుంది. మనకు చుట్టూ ఉన్నది బండ. ఎండాకాలంలో బోరు ఎన్ని గంటలు పోస్తుందో హెడ్‌మాస్టరు గారికి తెలుసు. ఇప్పుడున్న మరుగుదొడ్లు ఇప్పుడున్న ఆడపిల్లలకే చాలవని టీచరమ్మలు నాతో చెప్పారు. నీళ్లూ మరుగుదొడ్లూ లేకుండా గదులు మాత్రం పెంచడమంటే, పడవలు పెట్టకుండా ప్రయాణికులను ఎక్కించుకోవడమే. దాని కష్టం మనకు పడదు, ఎనిమిదో తరగతి ఆడపిల్లకు పడుతుంది. ఆ పిల్ల ఫిర్యాదు కూడా చేయదు, బడి మానేస్తుంది.

అందుకని నాదొక మనవి. ఈరోజు గదులు ఖాయం చేయొద్దు. కొలతలు ఖాయం చేద్దాం. మన బడిలో చదివిన సివిల్ ఇంజనీర్లు ఈ సభలో ఇద్దరు ముగ్గురు కనబడుతున్నారు. ఒక వారం సెలవు పెట్టి వాళ్లతో నేనూ ఉంటాను. పునాది తవ్వి చూద్దాం, బోరు పోయడం కొలుద్దాం, లెక్కలు రాసి సభ్యులందరికీ పంపుదాం. నిధిలో మూడో వంతు నీళ్లకు, మరుగుదొడ్లకు, పాత గోడలకు ముందే పక్కన పెడదాం. దాని మీద ఎవరి పేరూ వద్దు. నా వంతు చందా ఆ లెక్కలోనే వేయండి. ఆ తర్వాత ఆరు గదులొస్తాయో నాలుగే వస్తాయో చూద్దాం. నాలుగొచ్చినా నాకు సంతోషమే.

 పొడవు, వెడల్పు, లోతు గుణించడం నేర్పిన మన లెక్కల అయ్యవార్లందరికీ నమస్కారం.