రంగస్థలముననే మిగిలిపోయిన పద్యములు

తిరుమలగిరి నుండి ఒక శ్రోత ఇటీవల మాకొక ఉత్తరము వ్రాసిరి. వారి తండ్రిగారు తెనాలి ప్రాంతమువారట. ఉద్యోగరీత్యా లష్కరుకు వచ్చి అక్కడనే స్థిరపడిరట. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయములలోని పద్యములు ఆయనకు నేటికిని కంఠస్థములు. ఇంటిల్లిపాదియు కూర్చుండి టెలివిజనులో ఒక పాత పౌరాణిక చిత్రము చూచుచుండగా, రాయబార ఘట్టము ముగియగానే ఆ పెద్దమనిషి “తక్కిన పద్యములేవి?” అని అడిగెనట. “నాటకము సినిమా అయినపుడు అందలి పాటలును పద్యములును ఏమగుచున్నవి? వానిని తీసివేయుట న్యాయమేనా?” అని ఆ శ్రోత ప్రశ్న.

దీనికి ఔననియో కాదనియో ఒక్కమాటలో చెప్పుటకు వీలులేదు. నాటకములో పాట చేయు పనులు అనేకము. వానిలో కొన్నింటిని సినిమాలో కెమెరాయును మైక్రోఫోనును చేయగలవు. అట్టి పాట పోయినచో చింతింపనక్కరలేదు. వానికి చేతకాని పనిని చేసెడి పద్యములు మరికొన్ని కలవు. అవి పోయినచో కథయే కుంటువడును. ఈ రెంటికిని గల భేదమును గుర్తించినగాని న్యాయాన్యాయములు తేలవు.

మొదట నాటకశాలకు పోదము. తెలుగు నాటకములో పాటకు స్థానము కల్పించినవారిలో బళ్ళారివాసులైన ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు (1853–1912) అగ్రగణ్యులు. తరువాత వచ్చిన తిరుపతి వేంకట కవులు, బలిజేపల్లి లక్ష్మీకాంతముగారు, కాళ్ళకూరి నారాయణరావుగారు మొదలగువారి నాటకములు పద్యమునకు పట్టము గట్టినవి. తెర లేచుటకు ముందు నటులందరును నిలిచి ప్రార్థన పాడెడివారు. ఖమ్మము ప్రాంతమువారైన చందాల కేశవదాసుగారు (1876–1956) రచించిన ప్రార్థనను ఎన్ని సమాజములు పాడినవో లెక్కలేదు. తరువాత ప్రతి పాత్రయు తానెవరో, ఏ పనిమీద వచ్చినదో తెలుపుచు పాటతోనో పద్యముతోనో ప్రవేశించును. వెనుక రాజసభ తెరను తీసి అరణ్యపు తెరను దింపుటకు వ్యవధి కావలెను గనుక, ఆ వ్యవధిలో హాస్యగాడు ముందునకు వచ్చి ఒక పాట పాడును. మైకులు లేని రోజులలో చిట్టచివర చాపమీద కూర్చున్నవానికి మాట చేరవలెనన్న, శ్రుతి హెచ్చించి రాగయుక్తముగా పాడుటయే సాధనము. పాడినది నచ్చినచో ప్రేక్షకులు “వన్స్‌మోర్” అందురు. చనిపోయిన పాత్రయైనను లేచి మరల పాడి చనిపోవలసినదే!

ఇట్టి నాటకము రాత్రి తొమ్మిది పది గంటలకు మొదలై కోడికూతవరకు సాగెడిది. చలనచిత్రమునకు ఆ సావకాశము లేదు. ముప్పదియైదు మిల్లీమీటర్ల ఫిల్ము నిమిషమునకు 90 అడుగుల చొప్పున నడచును. వేయి అడుగుల రీలు పదునొకండు నిమిషములలో ముగియును. పదునారువేల అడుగుల చిత్రమనగా మూడు గంటలకు కొంచెము తక్కువ. ఒక పద్యమును రాగముతో నాలుగు నిమిషములు పాడినచో 360 అడుగుల ఫిల్ము వ్యయమగును. అట్టివి నలుబదియైదు పాడించినచో మూడు గంటలును గడచిపోవును. కథకు ఒక్క అడుగైనను మిగులదు. కనుక కత్తెర తప్పదు. ఏది కత్తిరింపవలెనన్నదే ప్రశ్న.

మన టాకీ పుట్టుకయే నాటకమునుండి జరిగినది. హెచ్.ఎం. రెడ్డిగారి దర్శకత్వమున 1932లో విడుదలయిన ‘భక్త ప్రహ్లాద’ సురభివారు ఆడుచుండిన నాటకమునకు చిత్రరూపము. అందు సురభి కమలాబాయిగారు లీలావతి. పాటలు చందాల కేశవదాసుగారివి. 1935 నాటి ‘హరిశ్చంద్ర’లో అద్దంకి శ్రీరామమూర్తిగారును కన్నాంబగారును నటించిరి. ఇరువురును రంగస్థలమునుండి వచ్చినవారే. నేపథ్యగానము ఇంకను వాడుకలోనికి రాని కాలము గనుక నటులు కెమెరా యెదుట తామే పాడవలసియుండెను. అందువలన తొలినాటి చిత్రములలో నాటకపు పద్యములు తక్కువేమియు కాదు. ప్రార్థన, పాత్రప్రవేశపు పాట, తెరమార్పు పాట మాత్రము క్రమముగా జారిపోయినవి. పాత్ర యెవరో ముఖమును దగ్గరగా చూపినచో తెలియును. సభ పోయి అరణ్యము వచ్చుటకు ఒక్క కత్తిరింపు చాలును. ఈ నష్టమునకు ఎవరును కన్నీరు కార్చనక్కరలేదు.

పాటలు తగ్గింపవలెనన్నవారు సినిమావారు మాత్రమే కారు. బళ్ళారి రాఘవగారు (1880–1946) రంగస్థలము మీదనే రాగాలాపనల అతిని నిరసించి, భావమునకును సహజాభినయమునకును ప్రాధాన్యము నిచ్చిరి. రాజు మరణించుచుండగా రాగము తీయుట ఏమి నటనయని విమర్శించిన విజ్ఞులు ఆనాడును కలరు. ఆ రాఘవగారే 1936లో ‘ద్రౌపదీ మాన సంరక్షణము’ చిత్రమున దుర్యోధనుడుగా నటించిరి. అదే సంవత్సరము అదే కథతో వచ్చిన ‘ద్రౌపదీ వస్త్రాపహరణము’లో యడవల్లి సూర్యనారాయణగారు దుర్యోధనుడు, సి.ఎస్.ఆర్. ఆంజనేయులుగారు కృష్ణుడు. ప్రజాదరణము ఈ రెండవ చిత్రమునకే ఎక్కువగా లభించినది.

మరియొక సంగతి. నాటకము కూడ మార్పు లేనిది కాదు. బలిజేపల్లివారి హరిశ్చంద్ర నాటకమున కాటిసీనులో నటులు జాషువాగారి శ్మశానవాటి పద్యములను చేర్చి పాడుచువచ్చిరి. అవి ఆ నాటకములోనివే యని నమ్మినవారు నేటికిని పెక్కుమంది. చితిమంటను వర్ణించు పద్యమున్నచో దాని పనిని చిత్రములో సెట్టింగు చేయును. కాని చావు యెదుట రాజు, కవి, పేద సమానులన్న భావమును ఏ సెట్టింగు పలుకగలదు? ప్రజలు జాషువాగారి పద్యములను విడువకుండుటకు కారణమిదియే. తీసివేయదగినది వర్ణన, తీసివేయరానిది ఆలోచన.

ఇక సినిమా నిలిపిన పాట సంగతి. ముత్తరాజు సుబ్బారావుగారి ‘శ్రీకృష్ణ తులాభారము’ నాటకమున సత్యభామ యనగానే స్థానము నరసింహారావుగారు (1902–1971) జ్ఞప్తికి వత్తురు. పురుషుడైయుండి స్త్రీపాత్రలలో అసమానుడనిపించుకొని 1956లో పద్మశ్రీ పొందినవారాయన. ‘మీరజాలగలడా’ పాట ఆయన స్వయముగా రచించుకొన్నదే. ఆ పాటను ఆయన అభినయించునపుడు ఒక్కొక్క పలుకును తిప్పి తిప్పి పాడి, పాడినప్పుడెల్ల ఒక క్రొత్త భావమును చూపెడివారని పెద్దలు చెప్పుదురు. 1966లో కమలాకర కామేశ్వరరావుగారి దర్శకత్వమున వచ్చిన చిత్రములో పెండ్యాల నాగేశ్వరరావుగారి సంగీతమున ఆ పాటను సుశీలగారు పాడగా జమునగారు అభినయించిరి. అది నేటికిని ఇంటింట వినబడుచున్నది. సినిమా చేసిన ఉపకారము తక్కువది కాదు. కాని అందులోను ఒక కత్తిరింపు కలదు. పాట పోలేదు, మరల మరల క్రొత్తగా పాడు స్వేచ్ఛ పోయినది. ఆనాడు ప్రేక్షకుని ముఖము చూచి పెరుగుచు తరుగుచుండిన పాటకు ఫిల్ముమీద ఒక్కటే రూపము స్థిరపడినది.

ఇప్పుడు తిరుమలగిరి పెద్దమనిషి వెదకిన పద్యముల యొద్దకు వత్తము. రాయబార ఘట్టము పాటకచ్చేరి కాదు, అదొక వాదము. కృష్ణుడు సంధి చెప్పును, దుర్యోధనుడు కాదనును, కర్ణుడు అడ్డుపడును. ఒక పద్యమునకు జవాబు మరియొక పద్యము. న్యాయస్థానములో ఒక పక్షము వకీలు మాట మాత్రమే విని తీర్పు చెప్పుటకు వీలులేనట్లే, ఇందును ఒక పద్యమును తీసినచో ఎదుటి పద్యము బలము సగమగును. 1967 నాటి ‘శ్రీకృష్ణావతారము’ కృష్ణుని జీవితమంతయు చెప్పదలచిన చిత్రము. అందు రాయబారము ఒక భాగము మాత్రమే. ప్రజల నోట నానుచుండిన ప్రసిద్ధ పద్యములకు అందు చోటు దొరకినది. వానిని కలిపెడి చిన్న పద్యములకు అంత అదృష్టము లేదు. 1977లో ‘దానవీరశూరకర్ణ’ దాదాపు నాలుగు గంటల నిడివితో వచ్చినను, ప్రజల నోట ఎక్కువగా నిలిచినవి కొండవీటి వేంకటకవిగారి గద్య సంభాషణలే. పద్యము చేయవలసిన వాదమును దీర్ఘమైన గద్యము చేసినది. అది గొప్పదే, కాని పద్యమున వాదించు విద్య తెరమీదినుండి క్రమముగా తప్పుకొన్నది.

ఈ కత్తిరింపులు మనకు మాత్రమే కలిగినవి కావు. అమెరికాలో 1944లో రంగస్థలమున ఆడిన ‘ఆన్ ది టౌన్’ను 1949లో చిత్రముగా తీసినపుడు లియొనార్డ్ బెర్న్‌స్టైన్ కూర్చిన పాటలలో అధికభాగము తొలగించి, వేరొకరిచేత క్రొత్తవి చేయించిరి. 1959 నాటి ‘సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ 1965లో చిత్రమగునప్పటికి మూడు పాటలు పోయి రెండు క్రొత్తవి చేరినవి. ‘క్యాబరే’ను 1972లో చిత్రముగా తీసిన బాబ్ ఫాసీ, ఆటశాల వేదికమీద పాడునవి నిలిపి, పాత్రలు బయట పాడుకొనెడివి చాలవరకు తీసివేసెను.

అయినను వారికిని మనకును ఒక భేదము కలదు. వారి నాటకములలో ప్రతి పాటకును స్వరలిపి అచ్చయియున్నది. మొదట ఆడిన నటులే పాడిన రికార్డులును కలవు. చిత్రములో పోయిన పాటను ఎవరైనను ఎప్పుడైనను మరల పాడవచ్చును. మన నాటకపు పుస్తకములో పద్యము మాత్రమే యుండును. దాని వరుస ఉండదు. ఏ రాగమున ఎత్తుకొనవలెను, ఏ పదము దగ్గర ఆగవలెను, ఎక్కడ విరుపు, ఎక్కడ విసురు అన్నది గురువునుండి శిష్యునకు, నటునినుండి నటునకు సంక్రమించునది. కపిలవాయి రామనాథశాస్త్రిగారు మొదలగువారు గ్రామఫోను రికార్డులిచ్చిరి. కాని ఆ రికార్డు ఒక ప్రక్క మూడు నిమిషములు మాత్రమే తిరుగును. అదియు ప్రసిద్ధ పద్యములనే ఎన్నుకొన్నది. రేడియో నాటకమునకును గడియారము కలదు. గంటలో ముగింపవలెనన్న మేమును కత్తెర పట్టవలసినదే. అనగా సినిమా వదలినదానినే రికార్డును, రికార్డు వదలినదానినే రేడియోయును వదలుచు వచ్చుట జరిగినది. ఎవరును ఎన్నుకొనని పద్యములకు మిగిలిన చోటు మనుష్యుల జ్ఞాపకము మాత్రమే.

కనుక సినిమా పద్యములను తీసివేయుట అన్యాయమని నేననను. చిత్రము తన ధర్మమును తాను నెరవేర్చినది. సినిమాలో ఉన్నదే నాటకమంతయునని మనము అనుకొనుట అన్యాయము. అట్లనుకొన్న దినమున తెరకు రాని పద్యము మొదట తెరమీద, తరువాత రంగమున, చివరకు నోటను లేకుండ పోవును.

ఇంకను మించిపోయినది లేదు. 1885లో కడపజిల్లా సురభి గ్రామమున పుట్టిన సురభి సంప్రదాయమువారి కుటుంబములు మన నగరపు అంచున లింగంపల్లిలో నివసించుచున్నవి. వారి నాటకములు రవీంద్రభారతిలో జరిగినపుడు పిల్లలను వెంటబెట్టుకొనిపోయి చూడవచ్చును. గ్రామములలో ఉత్సవములకు రాయబారము, హరిశ్చంద్ర కట్టెడి సమాజములు నేటికిని కలవు. అన్నిటికంటె ముఖ్యముగా మన యిండ్లలో పెద్దలు కలరు. వారు పద్యమెత్తుకొన్నపుడు “ఇది సినిమాలో లేదే” అని ఆపక, పూర్తిగా పాడనిండు. చేతిలోని ఫోనులోనే దానిని పట్టియుంచవచ్చును. పద్యముతోపాటు ఆ వరుస ఏ నటునివద్ద వినినదో, ఏ ఊరిలో, సుమారు ఏ సంవత్సరమున వినినదో, దానికి ఎదురుపద్యమేదో కూడ వారి నోటనే చెప్పించి చేర్చుడు. ఎదురుపద్యము దొరకినచో వాదము పూర్తిగా దొరకినట్లే. వచ్చిన పద్యము సగమే యైనను పరవాలేదు. తక్కిన సగము మరియొక యింటిలో ఎవరికైనను జ్ఞాపకముండవచ్చును.