పుట్టకు మొక్కుదాం, కాటుకు మందు వేయిద్దాం



నాగుల చవితికి మనం పుట్ట దగ్గరికి పోతాం. చలిమిడి, చిమ్మిలి పెడతాం. పాలు పోస్తాం. పిల్లల్ని చల్లగా చూడమని మొక్కుతాం.

పాముకు మొక్కేది మనమొక్కరమే కాదు. అమెరికాలో హోపీ అనే జనం ఉన్నారు. వాళ్లదీ మన ఉరవకొండ మాదిరే వానలు తక్కువ ఉండే మెట్ట సీమ. జొన్నకు బదులు మొక్కజొన్న వేస్తారు. ఆగస్టు నెలలో వాళ్ల పూజారులు పాముల్ని పట్టి తెస్తారు. కడుగుతారు. నోట పట్టుకొని ఆడతారు. తర్వాత చంపకుండా వదిలేస్తారు. పాములు తమ మొర మోసుకుపోయి వాన తెస్తాయని వాళ్ల నమ్మకం.

నమ్మకం మంచిదే. కానీ మొక్కు వేరు, వైద్యం వేరు.

మా పిన్నిని శనక్కాయ పీకేటప్పుడు పాము కరిచింది. మంత్రం వేసే ఆయన దగ్గరికి తీసుకుపోయినారు. పొద్దు గూకేదాకా అక్కడే ఉన్నారు. ఆసుపత్రికి చేరేసరికి ఆలస్యమైంది. పిన్ని మాకు దక్కలేదు.

"మంత్రంతో బతికినోళ్లు లేరా?" అని మీరు అడగొచ్చు. ఉన్నారు. చాలా పాములకు విషమే లేదు. విషపు పాము కూడా ఒక్కోసారి విషం ఎక్కించకుండా కరుస్తుంది. అట్లాంటి వాళ్లు మంత్రం లేకున్నా బతుకుతారు.

మన దేశంలో ఎక్కువ ప్రాణాలు తీసేవి నాలుగు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నోళ్లను కరుస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు. గాటు కూడా కనపడకపోవచ్చు. తెల్లారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం ఉంటే వెంటనే ఆసుపత్రికి పోవాల.

ఈ నాలుగింటికీ ఒకటే విరుగుడు సూది మందు. గుర్రానికి కొంచెం కొంచెంగా పాము విషం ఎక్కిస్తారు. దాని రక్తంలో విరుగుడు పుడుతుంది. దానితో మందు చేస్తారు. ఆ విషం తీసేది ఎవరు? తమిళనాడులో ఇరుల గిరిజనులు 1978లో సహకార సంఘం పెట్టుకొన్నారు. పాముల్ని పట్టి, విషం తీసి, మళ్లీ వదిలేస్తారు. చూడండి, పాము విషమే మన ప్రాణం నిలబెడుతుంది!

పాము కరిస్తే ఏం చేయాల?

భయపెట్టొద్దు. నడిపించొద్దు.
గాజులు, ఉంగరాలు, మెట్టెలు తీసేయాల. వాపు వస్తే బిగుసుకుంటాయి.
కరిచిన కాలో చెయ్యో కదలకుండా కట్టెపుల్ల ఆనించి, గుడ్డతో వదులుగా కట్టాల.
తాడుతో బిగించొద్దు. కోయొద్దు. నోటితో పీల్చొద్దు. పసరు పోయొద్దు.
పామును వెతుకుతూ పొద్దు పోగొట్టొద్దు.
108కి ఫోన్ చేయాల. నేరుగా సర్కారు ఆసుపత్రికి పోవాల.

రాత్రి బయటికి పోతే బ్యాటరీ లైటు పట్టుకోండి. చేనికి చెప్పులేసుకొని పోండి. మంచం మీదో, దోమతెర కట్టుకొనో పడుకోండి.

మీరు చదువు నేర్చినారు. ఈ మాటలు ఇంటికి పోయి మీ అత్తకు, మీ ఆయనకు చదివి వినిపించండి. మీ ఊర్లో ఎవరినైనా పాము కరిస్తే ముందు ఎక్కడికి తీసుకుపోతారు? ఈ పొద్దే మాట్లాడుకోండి.