మతి చెదిరిన మనిషి కాడికి పోలీసు జీపు ఎందుకు?

(పల్నాడు గ్రామాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే ఇస్తున్నాం.)



నన్ను పోలీసు జులుం మీద మాట్లాడమన్నారు. పల్నాడోళ్ళకు ఆ సంగతి చెప్పటం అంటే సాగర్ కాలవకు బిందెతో నీళ్ళు మోసినట్టే. అందుకని అందులో ఒక్క ముక్కే తీసుకుంటాను. మన సభల్లో ఎప్పుడూ ఎత్తని ముక్క. వాడలో ఒక మనిషికి మతి చెదిరింది. అర్ధరాత్రి కేకలేస్తన్నాడు, చేతిలో రాయి ఉంది. ఎవరికి ఫోన్ చేస్తాం? 100కి, ఇప్పుడైతే 112కి. ఎవరొస్తారు? పోలీసులు. ఏం తెస్తారు? మీకు తెలుసు.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. ఆ తర్వాతే మిగతాది మాట్లాడే హక్కు నాకుంటది.

2019, మిరపకోతల కాలం. మా చిన్నాయన కొడుకు తాపీ పని చేసేవాడు. హైదరాబాదు పనికి పోయి తిరిగొచ్చాడు. వచ్చిన కాణ్ణించి నిద్ర లేదు. ఎవరో తనను చంపటానికి వస్తన్నారంటాడు. గోడకు చెవి పెట్టి వింటాడు. పిన్నమ్మ తాయెత్తు కట్టించింది, ఏ.ఎస్.పేట దర్గాకు తీసుకుపోదామని డబ్బులు కూడేస్తంది. ఇంతలో ఒక రాత్రి వాడు వాడ దాటి పెద్దోళ్ళ బజారులోకి పోయి కేకలు మొదలుపెట్టాడు. ఆ బజారులో మనవాడు పట్టపగలు కాస్త గొంతు పెంచితేనే తప్పు. తలుపులు తెరిచారు, కర్రలు తీశారు. వాళ్ళ చేతుల్లో చస్తాడేమోనని హడలిపోయి 100కి ఫోన్ చేసింది నేనే. చదువుకున్నోణ్ణి, సంఘం మనిషిని, చట్టం తెలుసనుకున్నోణ్ణి.

జీపొచ్చింది. ఇద్దరు దిగారు. "ఏరా, తాగావా?" అన్నారు. వాడు తాగలేదు. వాడికి ఖాకీ బట్టలు కనపడగానే, తనను చంపటానికి వచ్చేది వీళ్ళేనని ఖాయమైపోయింది. పరుగెత్తాడు. పట్టుకుని కొట్టారు. వాడి లుంగీతోనే చేతులు ఎనక్కి కట్టారు. ఆ రాత్రి వాడు లాకప్పులో, నేను స్టేషన్ అరుగు మీద. లోపల్నుంచి "అన్నా, నువ్వేగా వీళ్ళను పిలిచింది" అని అరుస్తానే ఉన్నాడు. పొద్దున న్యూసెన్సు కేసు రాసి, వేలిముద్ర వేయించుకుని పంపారు. డాక్టరు మొహం కూడా చూపలేదు. ఏ స్టేషనో చెప్పను. ఆ ఊళ్ళో మావాళ్ళు ఇంకా బతకాలి.

ఆ రాత్రికే ఈ దేశంలో ఒక చట్టం ఉంది మిత్రులారా. 2017లో పార్లమెంటు చేసిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం. 2018 మే నుంచి అమల్లోకి వచ్చింది. దాంట్లో 100వ సెక్షన్ పోలీసుల గురించే. ఫోన్ నంబరూ సెక్షన్ నంబరూ ఒకటే, మర్చిపోరు. మతి బాగాలేక తనను తాను చూసుకోలేని స్థితిలో తిరుగుతున్న మనిషిని, తనకో ఇతరులకో ప్రమాదం అనిపించే మనిషిని పోలీసు తన రక్షణలోకి తీసుకోవాలి. అరెస్టు అనలేదు, రక్షణ అంది. ఎందుకు తీసుకుంటున్నాడో ఆ మనిషికైనా, ఇంటివాళ్ళకైనా చెప్పాలి. వీలైనంత తొందరగా, ఎంత ఆలస్యమైనా 24 గంటల లోపల దగ్గర్లోని సర్కారు ఆసుపత్రికి చేర్చాలి. ఎట్టి పరిస్థితుల్లోనూ లాకప్పులో గానీ జైల్లో గానీ పెట్టకూడదు. ఈ చట్టాన్ని మీరితే మొదటి తడవకే ఆరు నెలల దాకా జైలు, లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ చట్టం స్టేషన్ గడప తొక్కలేదు. నేనూ చదవలేదు. చదివి ఉంటే ఆ అరుగు మీద ఊరికే కూర్చునేవాణ్ణి కాదు.

మనం చదువులేక, పలుకుబడి లేక దెబ్బలు తింటన్నామనుకుంటాం. అయితే డాక్టర్ సుధాకర్ సంగతి చూడండి. నర్సీపట్నం ప్రభుత్వాసుపత్రిలో మత్తు డాక్టరు. మనవాడు, దళితుడు. 2020 ఏప్రిల్‌లో, కరోనా మొదలైన రోజుల్లో, డాక్టర్లకు మాస్కులు లేవని నలుగురిలో అడిగాడు. సస్పెండ్ చేశారు. మే 16న విశాఖపట్నం నడిరోడ్డు మీద, ఒంటి మీద చొక్కా లేదు, చేతులు తాడుతో ఎనక్కి కట్టారు, ఒక కానిస్టేబులు లాఠీతో కొట్టాడు. ఆ వీడియో రాష్ట్రమంతా చూసింది. తాగి గొడవ చేశాడన్నారు పోలీసులు. అక్కణ్ణించి కె.జి.హెచ్‌కు, అక్కణ్ణించి పిచ్చాసుపత్రికి. హైకోర్టు తనంతట తానే కేసు తీసుకుంది. ఒంటి మీద గాయాల లెక్క మేజిస్ట్రేటు రాసిందొకటి, సర్కారు చెప్పిందొకటి. మే 22న సి.బి.ఐ. విచారణకు ఆదేశించింది. ఇంచుమించు ఏడాదికి, 2021 మే 21న ఆయన గుండె ఆగి చనిపోయాడు.

ఇప్పుడు ఆగి ఆలోచించండి. ఆ రోజు ఆయనకు నిజంగా మనసు బాగాలేదే అనుకుందాం. అట్టాంటి మనిషికి కావాల్సింది తాడా? లాఠీయా? మనసు బాగానే ఉందనుకుందాం. మరి పిచ్చాసుపత్రి ఎందుకు? ఎటు తిప్పినా వాళ్ళ లెక్క తప్పుతుంది. మన లెక్కా అంత తేలిక కాదు. "పోలీసులు వద్దు, మానసిక డాక్టర్లను పంపండి" అని ఊరికే అరిస్తే, రేపు ఎదురు మాట్లాడిన ప్రతి మాలోడికీ మాదిగోడికీ పిచ్చోడని చీటీ రాసి బండెక్కిస్తారు. పెత్తందారుకు పిచ్చి ఎక్కితే నరాల బలహీనత. మనవాడు కూలీ పెంచమంటే పిచ్చి. అందుకే బండిలో ఎవరు రావాలి, ఎవరు పిలవాలి, మన తరపున పక్కన ఎవరు నిలబడాలి అన్నది ముందే తేల్చుకోవాలి.

దీనికీ చట్టంలో ఒక దారుంది. వయసొచ్చిన ఎవరైనా సరే, బాగున్నప్పుడే, నాకు మతి చెదిరితే నా తరపున ఫలానా మనిషి మాట్లాడాలని రాసిపెట్టుకోవచ్చు. తెల్ల కాగితం చాలు. సంతకమో వేలిముద్రో చాలు. స్టాంపు కాగితం అక్కర్లేదు. ఆ మనిషిని అడక్కుండా, అత్యవసరంలో కూడా, అతను అందుబాటులో ఉంటే వైద్యం మొదలుపెట్టకూడదు. భర్తనే రాయాలని లేదు, అన్ననే రాయాలని లేదు. భర్త తన్నులకే మతి చెదిరిన ఆడమనిషి భర్త పేరెందుకు రాస్తుంది? నమ్మిన స్నేహితురాలి పేరు రాసుకోవచ్చు.

వేరే దేశాల్లో ఏం చేశారో కాస్త చెప్తాను, తొందరగానే. అమెరికాలో యూజీన్ అనే ఊరుంది. 1989లో, మన ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చిన ఏడాదే, అక్కడ ఒక పేదల క్లినిక్కు వాళ్ళు ఒక వ్యాను మొదలుపెట్టారు. ఫోన్ వస్తే ఇద్దరు పోతారు. ఒకరు వైద్యం తెలిసినవాళ్ళు, ఇంకొకరు మాటలతో చల్లార్చటం నేర్చుకున్నవాళ్ళు. తుపాకీ లేదు, సంకెళ్ళు లేవు. మంచినీళ్ళు, దుప్పటి ఉంటాయి. డెన్వర్ అనే నగరంలో 2020 జూన్‌లో ఇట్టాంటిదే పెట్టారు. మొదటి ఆరు నెలల్లో 748 పిలుపులకు పోతే ఒక్క అరెస్టు లేదు. ఆ బండి తిరిగిన పేటల్లో చిల్లర నేరాల ఫిర్యాదులు 34 శాతం తగ్గాయని 2022లో ఒక పరిశోధన వచ్చింది. పోలీసు తుపాకీకి బలయ్యేవాళ్ళలో ఇంచుమించు అయిదుగురిలో ఒకరు మతి బాగాలేనివాళ్ళే అని లెక్క తేలిన దేశం అది. నల్లవాళ్ళు వీధుల్లోకొచ్చి అడగబట్టే చాలా నగరాల్లో ఈ మార్పు మొదలైంది. అయితే యూజీన్‌లో ఆ వ్యాను ముప్పై అయిదేళ్ళు తిరిగి, 2025 ఏప్రిల్‌లో డబ్బుల్లేక ఆగిపోయింది. ఇది కూడా మనం రాసిపెట్టుకోవాలి. దయ మీద నడిచే బండి ఎప్పుడో ఒకప్పుడు ఆగుతుంది. బడ్జెట్లో పద్దు ఉండాలి.

"మాచర్లలో దీనికి డాక్టర్లు యాడున్నారన్నా?" అంటారు. నిజమే. మన దేశంలో లక్ష మందికి ఒక్క మానసిక డాక్టరు కూడా లేడు. మాచర్ల నుంచి గుంటూరు పెద్దాసుపత్రికి నూరు కిలోమీటర్ల పైనే, విశాఖ పిచ్చాసుపత్రి నాలుగొందల పైనే. కానీ యూజీన్ వ్యానులో వచ్చింది పెద్ద డాక్టర్లు కాదుగదా. అంత దూరం ఎందుకు, మన పక్కనే బళ్ళారి ఉంది. 1980ల్లోనే బెంగుళూరు నిమ్హాన్స్ వాళ్ళు అక్కడి పీహెచ్‌సీ డాక్టర్లకూ కార్యకర్తలకూ మనోవ్యాధిని గుర్తుపట్టటం, మందులివ్వటం నేర్పించారు. అది చూసే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం అని మొదలుపెట్టారు. గోవాలో డాక్టర్లు కాని మామూలు మనుషులకు నేర్పి దిగులు జబ్బుకు సాయం చేయించారు. మరి మన ఆశా అక్క ఏం తక్కువ? వాడలో ఏ ఇంట్లో ఎవరు నిద్రపోవటం లేదో, ఏ బాలింత బిడ్డను దగ్గరకు తీసుకోవటం లేదో ముందు తెలిసేది ఆమెకే. 2005 నుంచి 108 బండి తిరుగుతోంది. గుండెపోటుకు వస్తుంది, కాన్పుకు వస్తుంది. మతి చెదిరినవాడి కాడికి వచ్చి ఎట్టా మాట్లాడాలో ఆ బండిలోవాళ్ళకు నేర్పించండి అంటున్నాం. ఆకాశం దించమనటం లేదు. 2022 అక్టోబరు 10 నుంచి టెలి మానస్ అని 14416 నంబరు ఉంది, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. అది మంచిదే. కాకపోతే అది ఫోనే. రాయి పట్టుకున్నవాడి చేతిలో ఫోన్ పెట్టలేం గదా. ఆ ఫోనుకు ఒక బండిని కట్టాలి, అదీ మన కోరిక.

ఇంకో ముఖ్యమైన సంగతి. పిచ్చిగా కనపడిందల్లా పిచ్చి కాదు. మన పల్నాడులో పత్తికీ మిరపకూ మందు కొట్టేది మనోళ్ళే. మూతికి గుడ్డ లేకుండా పొద్దంతా కొట్టి వస్తే ఆ విషం ఒంట్లోకి దిగుతుంది. నోట్లో చొంగ, చెమటలు, మాట తడబాటు, తికమక. చూసినోళ్ళు తాగాడంటారు. స్టేషన్లో పడేస్తే తెల్లారేసరికి ప్రాణం పోవచ్చు. అట్టాగే రోజూ తాగేవాడు ఒక్కసారి మానేస్తే రెండో రోజో మూడో రోజో చేతులు వణుకుతాయి, లేని పురుగులు గోడ మీద కనపడతాయి. అది ప్రాణం తీసే జబ్బు, దానికి ఆసుపత్రిలో మందుంది. లాకప్పులో పెడితే ఎవడు చూస్తాడు? షుగరు మందు వేసుకుని అన్నం తినకపోతే మాట తేడా వస్తుంది. మనిషిని నర్సమ్మ చూస్తే నాడి పట్టుకుంటుంది. పోలీసు చూస్తే నోరు వాసన చూస్తాడు.

"కత్తి పట్టుకుంటే?" అని ఒక తమ్ముడు చీటీ పంపాడు. మంచి ప్రశ్న. బాంబులు చుట్టిన ఊళ్ళు మనవి, కత్తి లేదని నేనెట్టా అంటాను? అట్టాంటప్పుడు పోలీసు రావచ్చు. వచ్చి దూరంగా నిలబడమనండి, జనాన్ని ఆపమనండి. ముందు మాట్లాడేది మాత్రం వైద్యం తెలిసిన మనిషి కావాలి. జీపు లైట్లు, కేకలు, చుట్టూ పది మంది, ఇయ్యన్నీ భయపడ్డవాణ్ణి ఇంకా భయపెడతయ్.

మన తప్పులూ ఉన్నాయి. మనమూ కట్టేస్తాం. కొట్టంలో గొలుసేసి ఆర్నెల్లు ఉంచిన ఇళ్ళు నాకు తెలుసు. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో గొలుసులతో కట్టేసిన 28 మంది మంటల్లో కదల్లేక కాలిపోయారు. గొలుసు వేయటం ఇప్పుడు నేరం. పురుగుల మందు తాగి బతికినవాణ్ణి కేసు పెడతారని ఆసుపత్రికి తీసుకుపోకుండా ఉండొద్దు. పాత 309 సెక్షన్ 2024 జూలై 1 నుంచి లేదు. అధికారిని లొంగదీయటానికి చస్తానని ప్రయత్నిస్తే మాత్రం కొత్త చట్టంలో 226 ఉంది. ధర్నాల్లో పెట్రోలు సీసా పట్టుకునే తమ్ముళ్ళు జాగ్రత్త.

మా తమ్ముడి సంగతి అడుగుతారు. గుంటూరు పెద్దాసుపత్రిలో చూపించాం. బిళ్ళలు వేసుకుంటన్నాడు, మళ్ళా తాపీ పట్టాడు. నాతో మాట్లాడటానికి మాత్రం ఏడాది పట్టింది.

బల్ల మీద రెండు కాగితాల కట్టలున్నాయి. ఒకటి కలెక్టరు గారికి అర్జీ. 108 సిబ్బందికీ ఆశాలకూ శిక్షణ ఇవ్వాలని, ప్రతి స్టేషన్లో 100వ సెక్షన్ తెలుగులో గోడకు రాయించాలని, నరసరావుపేట, మాచర్ల, గురజాల ఆసుపత్రుల్లో రాత్రిపూట కూడా ఇట్టాంటివాళ్ళను చేర్చుకోవాలని. రెండోది తెల్ల కాగితం మీద మీ తరపు మనిషి పేరు రాసుకునే నమూనా. అన్నం తినే ముందే రాసుకోండి. రాయటం రానివాళ్ళకు మా అమ్మాయి కూర్చుని రాసిపెడుతుంది, సిరా పెట్టె తెచ్చింది. స్టేషన్లో మాట వినకపోతే ఉచిత న్యాయ సహాయం నంబరు 15100, అది కూడా ఆ కాగితం కిందే ఉంది.