నచికేతుని ప్రశ్న



మన సర్వీసు రిజిస్టరులో జన్మదినముండును. దానినిబట్టి పదవీవిరమణ దినమును లెక్కింపవచ్చును. మరణదినము నెవ్వరును లెక్కింపలేరు.

కఠోపనిషత్తులో నచికేతుడు యముని యింట మూడు రాత్రులు నిరాహారుడై వేచియుండెను. అతిథిని వేచియుండజేసినందుకు యముడు మూడు వరములిచ్చెను. బాలుడు మూడవ వరముగా మరణానంతర రహస్యము నడిగెను. యముడు దీర్ఘాయువును, సంపదను చూపినను అతడు చలింపలేదు. అప్పుడు యముడు, ప్రియము వేరు, శ్రేయస్సు వేరని బోధించెను.

వచ్చు మాసమున నేను విరమింపనున్నాను. ఒక వితంతువు పింఛను కాగితము మూడు వారములుగా నా బల్లపై నున్నది. ఆమె ఎన్ని రాత్రులు వేచియున్నదో! మృత్యుదేవతయే వేచిన అతిథికి ఋణపడెను, నేనెంతవాడను? పొద్దుగ్రుంకకముందే ఇంటికి పోవుట ప్రియము. ఆ కాగితమును రేపే కదల్చుట శ్రేయస్సు. జన్మకు ప్రయోజనమేమన్న నాకు తెలిసినది ఇంతియే.