కుదురుకోవడానికి కొంత కాలం పడుతుంది

(రేడియో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఇవాళ నేను చెప్పబోయే విషయం వినగానే మీలో కొందరు రేడియో గొంతు తగ్గిస్తారని నాకు తెలుసు. వసారాలో మామగారు ఉన్నారనో, పిల్లలు వింటున్నారనో మొహమాటం. తగ్గించుకునైనా వినండి, కట్టెయ్యకండి. రొమ్ములు పెంచడానికి చేసే ఆపరేషన్ తరవాత, లోపల అమర్చిన ఇంప్లాంట్లు ఎలా కుదురుకుంటాయి, ఎన్నాళ్ళకు కుదురుకుంటాయి అన్నదే ఇవాళ్టి మాట.

ఆ ఆపరేషన్ చేయించుకోమని చెప్పడానికి నేను రాలేదు. వద్దని చెప్పడానికీ రాలేదు. "దేవుడిచ్చింది చాలదా?" అనేవాళ్ళున్నారు, "మా ఒళ్ళు మా ఇష్టం" అనేవాళ్ళూ ఉన్నారు. ఆ వాదం ఇంకోసారి పెట్టుకుందాం. చేయించుకుని ఇంటికొచ్చిన పిల్ల అద్దంలో చూసుకుని బెంబేలు పడకుండా ఉండాలంటే ఏం తెలిసి ఉండాలి అన్నది మాత్రం చెబుతాను. నేను డాక్టర్ని కాను. మా అక్క కూతురికి మూడు వారాలు తోడుండి, ఆవిడ డాక్టరు గారిని అడిగి అడిగి తెలుసుకున్న సంగతులివి.

మా పిల్లకు పద్నాలుగో ఏట నుంచీ కుడివైపు మామూలుగా పెరిగింది, ఎడమవైపు దాదాపు పెరగనే లేదు. ఇలా ఉండేవాళ్ళు మనం అనుకునేకంటే ఎక్కువమందే. ఎవరూ చెప్పుకోరు, అంతే. జాకెట్టులో ఎడమవైపు దూది ఉండ పెట్టుకుని స్కూలుకెళ్ళింది, కాలేజీకెళ్ళింది, పెళ్ళిపీటల మీదా కూర్చుంది. ముప్ఫై ఒకటో ఏట తన జీతం డబ్బుతో, భర్తకు చెప్పి, ఆపరేషన్ చేయించుకుంది. ఎడమవైపు పెద్ద ఇంప్లాంటు, కుడివైపు చిన్నది. మా అక్కకు మోకాళ్ళ నొప్పులు కాబట్టి సాయానికి నేను వెళ్ళాను.

పన్నెండో రోజు సాయంత్రం "పిన్నీ, ఒకసారి ఇలా రా" అని గదిలోంచి పిలిచింది. అద్దం ముందు నిలబడి ఏడుస్తోంది. "చూడు పిన్నీ, రెండూ మెడ కిందికి ఎక్కి కూర్చున్నాయి. రాళ్ళలా ఉన్నాయి. ఎడమది ఇంకా పైకి ఉంది. ఇంత డబ్బు పోసి, ఇంత నొప్పి పడి, మళ్ళీ ఎచ్చుతగ్గులేనా నా రాత?" అంది. నేనేం చెప్పగలను? చూస్తే నిజంగా అలాగే ఉన్నాయి మరి. ఆసుపత్రిలో ఇచ్చిన కాగితం తీసి చదివాను. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో ఉంది, స్నానం ఎప్పుడు చెయ్యాలో ఉంది. మొదట్లో ఇవి పైకి ఉంటాయి, గట్టిగా ఉంటాయి, కంగారు పడొద్దు అన్న ఒక్క ముక్క లేదు. ఆ ఒక్క ముక్క రాసి ఉంటే ఆ పిల్లకు ఆ రాత్రి నిద్ర పట్టి ఉండేది.

మర్నాడు డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాం. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. ఇంప్లాంటు అంటే పైన సిలికోన్‌తో చేసిన తొడుగు, లోపల సిలికోన్ జెల్ గానీ, సెలైన్ అనే ఉప్పునీరు గానీ ఉంటుంది. దాన్ని రొమ్ము వెనక, కండరానికి పైన పెట్టడం ఒక పద్ధతి. కండరం కింద పెట్టడం ఇంకో పద్ధతి. ఈ కండరం పక్కటెముకల మీద విసనకర్రలా పరుచుకుని భుజం దాకా పోతుంది. చపాతీ పిండి మర్దించేటప్పుడు, తలుపు నెట్టేటప్పుడు పనిచేసేది ఇదే. దాని కింద ఒక కొత్త వస్తువు చేరేసరికి అది బిగుసుకుపోతుంది, ఇంప్లాంటును పైకి నొక్కిపెడుతుంది. దానికి తోడు వాపు. చర్మం కూడా అలవాటు లేక బిగుతుగా, నిగనిగలాడుతూ ఉంటుంది. అందుకే మొదట్లో పైభాగం ఉబ్బెత్తుగా, కిందిభాగం బల్లపరుపుగా కనిపిస్తుంది.

కొత్తగా బూరుగు దూది కుక్కిన దిండు చూడండి. మొదటిరోజు తల పెడితే రాయిలా ఉంటుంది, మెడ నొప్పి పుడుతుంది. వాడగా వాడగా దూది సర్దుకుని దిండు మెత్తబడుతుంది. ఇదీ దాదాపు అంతే. వాపు దిగుతుంది, కండరం మెల్లిగా పట్టు వదులుతుంది, కింది చర్మం ఆ బరువుకు సాగుతుంది. ఇంప్లాంటు తనకోసం చేసిన చోటులోకి దిగుతుంది. పైన ఉబ్బు తగ్గి, కింద గుండ్రన వస్తుంది.

ఎన్నాళ్ళు? మొదటి రెండు వారాలు చూసి ఏమీ తేల్చుకోకూడదు. ఆరు వారాలకు వాపు చాలావరకు పోతుంది. మూడు నెలలకు రూపం తెలుస్తుంది. పూర్తిగా కుదురుకోవడానికి ఆరు నెలలు పట్టవచ్చు, కొందరికి ఇంకొంచెం ఎక్కువే. కండరం పైన పెట్టినవి త్వరగా, కింద పెట్టినవి ఆలస్యంగా దిగుతాయి. పిల్లలకు పాలిచ్చిన తల్లులకు చర్మం కాస్త వదులుగా ఉంటుంది కాబట్టి తొందరగా సర్దుకుంటాయి. వ్యాయామం చేసి కండ గట్టిపడ్డవాళ్ళకు ఆలస్యం. రెండు పక్కలా ఒకే రోజు దిగుతాయనుకోవడం కూడా పొరపాటే. మా పిల్ల సంగతే తీసుకోండి. ఎడమవైపు చర్మం తక్కువ, పెట్టింది పెద్దది. "రెండు పక్కలా చేసింది ఒకే ఆపరేషన్ కాదమ్మా, మరి రెండూ ఒకే రోజు ఎలా కుదురుకుంటాయి?" అంది డాక్టరు గారు. ఆ మాటతో పిల్ల కళ్ళు తుడుచుకుంది.

ఈ రోజుల్లో చిత్రమైన అనుభవాలు కొన్ని ఉంటాయి. ఉన్నట్టుండి సూదితో పొడిచినట్టు, కరెంటు తగిలినట్టు చురుక్కుమంటుంది. తెగిన నరాలు మళ్ళీ మేలుకుంటున్నాయన్నమాట. పొద్దున్న లేవగానే రొమ్ములు పట్టేసినట్టు ఉంటాయి, కాస్త తిరిగితే సర్దుకుంటుంది. కదిలితే లోపల నీళ్ళు కదిలిన చప్పుడు వస్తుంది కొందరికి, కొన్ని వారాల్లో పోతుంది. చనుమొన దగ్గర స్పర్శ తెలియకపోవచ్చు. అది చాలామందికి నెలల మీద తిరిగి వస్తుంది, కొందరికి పూర్తిగా రాదు. ఈ చివరి మాట ఆపరేషన్‌కి ముందే అడిగి తెలుసుకోవాలి.

స్పర్శ మాట వచ్చింది కాబట్టి నా తెలివితక్కువతనం కూడా చెప్పేస్తాను. నొప్పిగా ఉందంటే నేను ప్రేమకొద్దీ వేడినీళ్ళ సంచి నింపి ఇచ్చాను. నర్సమ్మ వినగానే నన్ను కోప్పడింది. స్పర్శ లేనిచోట వేడి పెడితే చర్మం కాలినా తెలియదట! ఐసు ముక్కలు కూడా నేరుగా పెట్టకూడదట. పక్కింటావిడ "నువ్వుల నూనె రాసి కిందికి మర్దన చేస్తే ఇట్టే దిగుతాయి" అంది. నేను సగం నమ్మాను కూడా. మర్దన చెయ్యాలా వద్దా, పైన పట్టీ కట్టాలా వద్దా అన్నది ఆపరేషన్ చేసిన డాక్టరే చెప్పాలి. కొన్ని రకాల ఇంప్లాంట్లకు మర్దన పనికిరాదు. ఒకరికి చెప్పింది ఇంకొకరు చేయకూడదు.

ఇంట్లో జాగ్రత్తలు పెద్ద కష్టమైనవి కావు. వెల్లకిలా, తలవైపు రెండు మూడు దిళ్ళతో ఎత్తు చేసుకుని పడుకోవాలి. మొదటి రోజు నుంచే ఇంట్లో నెమ్మదిగా నడవాలి. డాక్టరు చెప్పిన మెత్తటి బ్రా వేసుకోవాలి, తీగ ఉన్నవి కొన్నాళ్ళు వద్దు. మన జాకెట్లకు హుక్కులు ముందువైపు ఉండటం ఎంత మేలో అప్పుడు తెలిసింది నాకు, చేతులు పైకెత్తి తొడుక్కునే పని లేదు. తీగ మీద బట్టలారెయ్యడం, అటక మీది సామాను దించడం, నిండు బిందె ఎత్తడం, పిల్లల్ని చంకనేసుకోవడం, ఇవన్నీ నాలుగు నుంచి ఆరు వారాలు మానుకోవాలి.

చెప్పడం తేలికే. మా పిల్ల అత్తగారికి సంగతి చెప్పలేదు. "చిన్న ఆపరేషన్" అని ఊరుకున్నారు. ఇరవయ్యో రోజున ఆవిడ ఊర్నించి వచ్చింది, మర్నాడు వ్రతం. "అమ్మాయ్, అటక మీది గుండిగ దించవే" అంది. నేను బజారుకెళ్ళాను. ఎందుకు దించలేదో చెప్పలేక ఈ పిల్ల స్టూలెక్కి రెండు చేతులూ ఎత్తింది. ఛాతీలో కలుక్కుమంది, గుండిగ కింద పడింది, పిల్ల అక్కడే కూలబడింది. అదృష్టం బాగుండి లోపల ఏమీ కాలేదని డాక్టరు గారు చూసి చెప్పింది. ఆ రాత్రి పిల్ల అత్తగారి పక్కన కూర్చుని పద్నాలుగో ఏట నుంచీ ఉన్న కథంతా చెప్పేసింది. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తరవాత "ముందే చెబితే నేనే ఎక్కి దించుకునేదాన్ని కదే" అంది. మర్నాటి నుంచీ పిల్లను వంటింటి గడప తొక్కనివ్వలేదు.

ఇక ఏది కుదురుకోవడం, ఏది ప్రమాదం? దీనికి డాక్టరు గారు నాకు చెప్పిన కొండగుర్తు ఒకటుంది. కుదురుకునేది ఎప్పుడూ మెత్తదనం వైపు, కిందివైపు పోతుంది. నెమ్మదిగా పోతుంది. దీనికి ఎదురు దారిలో పోయేదేదైనా చూపించుకోవాలి. మొదటి ఒకటి రెండు రోజుల్లో ఒక పక్క ఉన్నట్టుండి బాగా ఉబ్బి, బిగుసుకుని, నొప్పి పెరిగితే లోపల రక్తం చేరిందేమో అని అర్ధరాత్రయినా పరుగెత్తాలి. జ్వరం, ఎర్రదనం, కుట్టులోంచి చీము వస్తే ఆగకూడదు. పిక్క వాచి నొప్పి పెట్టినా, ఊపిరాడకపోయినా అంతే.

ఇంకొకటి. బయటి వస్తువేది లోపలికి వచ్చినా శరీరం దాని చుట్టూ ఒక పల్చటి పొర కడుతుంది. అది మామూలే, అందరికీ ఉంటుంది. కొందరికి ఆ పొర దళసరై ఇంప్లాంటును పిండుతుంది. అప్పటిదాకా మెత్తబడుతూ వచ్చింది నెలల తరవాతో, ఏళ్ళ తరవాతో మళ్ళీ గట్టిపడుతుంది, బంతిలా గుండ్రమవుతుంది, పైకి పోతుంది. డాక్టర్లు దీన్ని నాలుగు తరగతులుగా చెబుతారు. నాలుగోది నొప్పితో కూడా ఉంటుంది, మళ్ళీ ఆపరేషన్ కావలసి రావచ్చు. అలాగే కొందరికి దిగడం ఆగకుండా, రొమ్ము కింది మడత దాటి పోతుంది. అదీ చూపించుకోవలసిందే.

ఈ ఇంప్లాంట్ల చరిత్ర కొంచెం తెలిస్తే మంచిది. సిలికోన్ జెల్ ఇంప్లాంట్లు మొట్టమొదట 1962లో అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో టిమ్మీ జీన్ లిండ్సీ అనే ఆవిడకు పెట్టారు. ఆవిడ ఆసుపత్రికి వచ్చింది పచ్చబొట్టు తీయించుకోవడానికి! 1992లో అమెరికా ప్రభుత్వ సంస్థ అందం కోసం జెల్ రకం వాడకాన్ని ఆపించింది, 2006లో మళ్ళీ అనుమతించింది. 2019లో పైభాగం గరుకుగా ఉండే ఒక రకాన్ని వెనక్కి తెప్పించారు, ఆ పొరలో అరుదుగా ఒక రకం కాన్సరు వస్తోందని తేలడంతో. ఏళ్ళ తరవాత ఒక పక్క వాపు రావడం దాని గుర్తుల్లో ఒకటి. 2021లో అదే సంస్థ, ఇవి జీవితాంతం ఉండే వస్తువులు కావు అని హెచ్చరిక వెయ్యమంది. జెల్ రకం లోపల చిరిగినా పైకి తెలియకపోవచ్చు కాబట్టి ఐదారేళ్ళకు ఒకసారి, ఆ తరవాత రెండు మూడేళ్ళకోసారి స్కానింగు చేయించుకోమంది.

అందుకని ఆసుపత్రిలో ఇచ్చే చిన్న కార్డు, రకం, సైజు, నంబరు ఉండేది, పారేసుకోకండి. బంగారం రసీదులతో పాటు దాచండి. రేపెప్పుడైనా మామోగ్రాం తీయించుకుంటే, ఇంప్లాంట్లున్నాయని ముందే చెప్పాలి. వాళ్ళు తీసే పద్ధతి వేరు. సిగ్గుపడి దాచే చోటు కాదది.

రోజూ అద్దంలో చూసుకుంటే తేడా తెలియదు, దిగులు మాత్రం పెరుగుతుంది. డాక్టరు గారి సలహాపై మా పిల్ల ప్రతి ఆదివారం ఒకే చోట నిలబడి తన ఫోనులో తనే ఫోటో తీసుకునేది. ఏడో వారంలో మొదటి ఫోటో పక్కన పెట్టి చూసుకుని, నాకు ఫోన్ చేసి "దిగుతున్నాయి పిన్నీ" అంది.

చివరగా టైలరు సంగతి. మా ఇంట్లో పెళ్ళి ఉందని, నేనే తొందరపెట్టి మూడో వారంలో కొలతలిప్పించాను. పట్టు జాకెట్లు రెండు. మూడు నెలలకు వేసుకుంటే పైన వదులు, కింద బిగుతు. రెండూ వృథా, కుట్టుకూలీ నాదే. ఆరో నెలలో మళ్ళీ వెళ్ళింది. ఇప్పటికీ ఎడమది వేలెడు తేడాలో ఉంది. ఏ ఆడదానికీ రెండూ అచ్చు ఒక్కలా ఉండవని డాక్టరు గారు ముందే చెప్పింది. టైలరమ్మ రెండు పక్కలా ఒకే కొలత రాసుకుందట. దూది ఎక్కడ పెట్టాలో చెప్పకుండా టైలరు దగ్గర్నించి తిరిగి రావడం పదిహేడేళ్ళలో అదే మొదటిసారి అంది మా పిల్ల.

ఉంటాను మరి. నమస్కారం.