పొయ్యి సంగతి ఫారంలో రాశారా?

చిన్న వ్యాపారాల ఇన్సూరెన్స్ గురించి ఈ ఆదివారం నాలుగు మాటలు చెప్పమని మన రేడియో మిత్రులు అడిగారు. ముందే ఒక సంగతి చెప్పేస్తాను. నేను ఇన్సూరెన్స్ ఏజెంటును కాను, లాయరును అసలే కాను. వారమంతా డేటాబేసులతో కుస్తీ పట్టే ఐటీ కన్సల్టెంటుని. మరి నన్నే ఎందుకు అడిగారయ్యా అంటే, మా కుటుంబానికి ఒక రెస్టారెంటు ఉంది. దానికి పాలసీ తీసుకోవడంలో నేను చేసిన నిర్వాకం మా స్నేహితులందరికీ తెలుసు. "అదే చెప్పు, పదిమందికి పనికొస్తుంది" అన్నారు. సరే అన్నాను.

మా అక్కా బావగారూ న్యూజెర్సీలో ఒక స్ట్రిప్ మాల్ లో టిఫిన్లు, బిర్యానీ హోటలు పెట్టారు. బావగారిది తెనాలి దగ్గర ఊరు. వంట ఆయనకి వెన్నతో పెట్టిన విద్య, కాగితాలంటే మాత్రం గిట్టదు. నేనూ కొంత డబ్బు పెట్టాను. లీజు మీద సంతకం పెట్టే ముందు ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ తెమ్మన్నాడు మాల్ యజమాని. "నువ్వు కంప్యూటర్ వాడివి కదా బావమరిదీ, అదేదో కాస్త చూడు" అన్నారు బావగారు.

ఒక రాత్రి భోజనాలయ్యాక లాప్ టాప్ ముందు కూర్చున్నాను. ఆన్ లైన్ ఫారం. నూనెలో వేపుడు ఎంత అని అడిగితే "కొద్దిగా" అని నొక్కాను. మిరపకాయ బజ్జీలు, గారెలు, పునుగులు, చికెన్ 65 ఉన్న మెనూ అది! బొగ్గుతో గానీ కట్టెలతో గానీ వండుతారా అంటే "లేదు" అన్నాను. తందూర్ ఇంకా రాలేదు కదా, వచ్చాక చూద్దాంలే అనుకున్నాను. డెలివరీ ఉందా? లేదు. సామాను విలువెంత? లక్ష డాలర్లు. ఒక్కో జవాబు మారుస్తుంటే తెర మీద ప్రీమియం తగ్గుతూ వచ్చింది. నిజం చెప్పొద్దూ, నాకది ఆటలా అనిపించింది. ఇరవై నిమిషాల్లో పని ముగించి, సర్టిఫికెట్ ప్రింటు తీసి ఇచ్చాను. "మా తమ్ముడు ఎంత చవగ్గా తెచ్చాడో" అని అక్క అందరికీ చెప్పుకుంది.

రెండో ఏడు ఒక శనివారం సాయంత్రం ఫ్రైయర్ లో నూనె అంటుకుంది. హుడ్ కింద ఉన్న ఫైర్ సిస్టం పనిచేసింది. ఎవరికీ ఏమీ కాలేదు, అదే పదివేలు. కానీ మంట కాస్త డక్ట్ లోకి పాకింది. పొగ, మందు, నీళ్ళు కలిసి వంటిల్లు మొత్తం పాడయింది. ఏడు వారాలు తలుపులు మూసుకున్నాం.

నష్టం లెక్కకట్టడానికి కంపెనీ వాళ్ళ అడ్జస్టరు వచ్చాడు. మర్యాదస్తుడే. ఆయన చేతిలో నేను నింపిన ఫారం ఉంది. మూలన ఉన్న తందూర్ వైపు చూశాడు, ఫారం వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఆ చూపు నేను మరిచిపోలేను.

దరఖాస్తులో ముఖ్యమైన విషయం తప్పు చెబితే పాలసీనే రద్దు చేసే హక్కు కంపెనీలకు చాలా రాష్ట్రాల్లో ఉంది. మా అదృష్టం కొద్దీ మంట తందూర్ దగ్గర మొదలవలేదు. పైగా తందూర్ వచ్చింది ఫారం నింపాక. హుడ్ శుభ్రం చేయించిన రసీదులన్నీ అక్క ఒక బిస్కెట్ల డబ్బాలో దాచింది. అందుకని పాలసీ నిలబడింది. డబ్బు మాత్రం సగమే వచ్చింది. ఎందుకో చెబుతాను, కాస్త లెక్క వినండి.

చాలా కమర్షియల్ పాలసీల్లో కోఇన్సూరెన్స్ అని ఒక నిబంధన ఉంటుంది. మామూలుగా 80 శాతం. అంటే మీ సామాను విలువలో కనీసం 80 శాతానికి ఇన్సూరెన్స్ తీసుకోవాలి. మా వంటింటి సామాను, మేము చేయించిన పనులు అన్నీ కొత్తగా కొంటే 2,50,000 డాలర్లు. అందులో 80 శాతం 2,00,000. నేను రాసింది 1,00,000. అంటే ఉండాల్సిన దాంట్లో సగం. కాబట్టి ప్రతి నష్టంలోనూ సగమే ఇస్తారు. మాకు జరిగిన నష్టం 60,000. "లక్షకి తీసుకున్నాం, నష్టం అరవై వేలే కదా, మొత్తం వస్తుంది" అనుకున్నాం. సగం కోసి 30,000 చేశారు, అందులో డిడక్టిబుల్ 1,000 పోను చేతికొచ్చింది 29,000. మిగతాది పిల్లల కాలేజీ కోసం అక్క దాచిన డబ్బులోంచి తీశారు. "లక్ష అని ఎవరు రాశారు?" అని బావగారు అడిగారు. నేనే అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు. ఏమైనా అని ఉంటేనే బాగుండేది.

అయ్యా, అమ్మా, ఇక్కడే నేను చెప్పదలచుకున్న మాట ఉంది. ఇన్సూరెన్స్ కంపెనీ మీ హోటలుని చూసి పాలసీ ఇవ్వదు, మీ ఫారంని చూసి ఇస్తుంది. ఆ రెండూ ఒకటి కాకపోతే మీరు కట్టిన ప్రీమియం వేరెవరిదో హోటలుకి కట్టినట్టే. ఆ ఫారం మళ్ళీ నింపాల్సి వస్తే ఎలా నింపుతానో చెబుతాను.

మొదట సామాను విలువ. పాత సామాను కొన్న ధర కాదు, ఇవాళ కొత్తది తెచ్చి బిగించడానికి అయ్యే ఖర్చు రాయాలి. పాలసీలో రీప్లేస్ మెంట్ కాస్ట్ అని ఉందో, యాక్చువల్ క్యాష్ వాల్యూ అని ఉందో చూడండి. రెండోదైతే అరుగుదల తీసేసి ఇస్తారు, ఎనిమిదేళ్ళ ఫ్రిజ్ కి ఏం వస్తుందో మీరే ఊహించుకోండి. ఇంకొకటి, అద్దె స్థలంలో మీరు వేయించిన టైల్స్, హుడ్, డక్ట్, ప్లంబింగ్ ఎవరి ఇన్సూరెన్స్ కిందికి వస్తాయో లీజు చదివి తెలుసుకోండి. చాలా లీజుల్లో ఆ భారం అద్దెకున్నవాళ్ళదే. మేము ఖర్చుపెట్టిన దాంట్లో పెద్ద ముక్క అదే, నేను లెక్కలో వెయ్యనిదీ అదే.

రెండోది వంట. మన వంటిల్లు శాండ్విచ్ దుకాణం కాదు. తాలింపులు, వేపుళ్ళు, రోజంతా మరిగే నూనె. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. అమెరికాలో కమర్షియల్ వంటిళ్ళకు ఎన్ ఎఫ్ పి ఏ 96 అని ఒక ప్రమాణం ఉంది. దాని ప్రకారం హుడ్ కింది ఫైర్ సిస్టంని ఆరు నెలలకోసారి పరీక్ష చేయించాలి. వంట బాగా ఎక్కువగా ఉంటే హుడ్, డక్ట్ మూడు నెలలకోసారి తనిఖీ చేయించి జిడ్డు తీయించాలి. బొగ్గు తందూర్ ఉంటే నెలకోసారి. పాత హోటలు కొంటున్నవాళ్ళు ఫైర్ సిస్టం యూ ఎల్ 300 రకమో కాదో అడగండి. 1994కి ముందు కాలపు పొడి మందు సిస్టంలు ఇప్పటి ఫ్రైయర్లలో మరిగే వంటనూనె మంటకి చాలవు. పాలసీలో ప్రొటెక్టివ్ సేఫ్ గార్డ్స్ అనే పేజీ ఉంటే, ఈ సిస్టం పనిచేసే స్థితిలో ఉంచుతానని మీరు ఒప్పుకున్నట్టు. ఉంచకపోతే మంటల క్లెయిం మొత్తం పోవచ్చు. మమ్మల్ని కాపాడింది నా ఎం.ఎస్. డిగ్రీ కాదండీ, అక్క బిస్కెట్ల డబ్బా.

మూడోది మూసిన రోజుల ఆదాయం. బిజినెస్ ఓనర్స్ పాలసీ అని ఆస్తి, లయబిలిటీ, పోయిన ఆదాయం కలిపి ఇచ్చే పాలసీ ఒకటి దొరుకుతుంది. అందులో ఆదాయం భాగం సాధారణంగా మొదటి 72 గంటలు వదిలేసి లెక్క మొదలుపెడుతుంది. లెక్కకి ఆధారం మీ ట్యాక్స్ రిటర్నులు. నగదు అమ్మకం పుస్తకంలో రాయకపోతే అది క్లెయింలోనూ ఉండదు. ట్యాక్సులో మిగిలిందనుకున్నది ఇక్కడ పోతుంది, దొరికితే శిక్ష వేరే.

ఈ కవరేజికి కూడా హద్దులున్నాయి. మీ ఆవరణలో ఏదీ పాడవకుండా, ఊళ్ళో కరెంటు తీగ తెగి మూడు రోజులు చీకటైతే మామూలు పాలసీ ఇవ్వదు. దానికి యుటిలిటీ సర్వీసెస్, ఫ్రిజ్ లో సరుకు పాడైతే స్పాయిలేజ్ అని విడిగా చేర్పించుకోవాలి. వరద కూడా మామూలు పాలసీలో ఉండదు. 2021 సెప్టెంబరు 1 రాత్రి ఐడా తుఫాను వాన న్యూజెర్సీని ముంచినప్పుడు ఎంతోమంది ఈ సంగతి ఆలస్యంగా తెలుసుకున్నారు. ఫెడరల్ వరద పాలసీ తీసుకున్నా సాధారణంగా 30 రోజుల తర్వాతే అమల్లోకి వస్తుంది. టీవీలో తుఫాను చూసి ఫోను చేస్తే ఇల్లు అంటుకున్నాక బావి తవ్వినట్టే. 2020లో కోవిడ్ వల్ల మూతపడ్డ హోటళ్ళు పెట్టిన క్లెయిములు ఈ దేశంలో చాలావరకు తోసివేశారు. ఆస్తికి భౌతికంగా నష్టం జరగలేదన్నారు. చాలా పాలసీల్లో వైరస్ మినహాయింపు కూడా ఉంది.

నాలుగోది మనుషులు. న్యూజెర్సీలో ఒక్క ఉద్యోగి ఉన్నా వర్కర్స్ కాంపెన్సేషన్ తప్పనిసరి. టెక్సాస్ లో ప్రైవేటు యజమానికి తప్పనిసరి కాదు గానీ, తీసుకోకుండా పనివాడికి దెబ్బ తగిలితే వాడు కోర్టుకెక్కవచ్చు. "మనవాడే, సాయానికొచ్చాడు" అనే మాట మరిగే నూనె మీద పడ్డ రోజున పనికిరాదు. మీ కుర్రాడు తన కారులో బిర్యానీ డెలివరీకి వెళ్ళి ఎవరినైనా గుద్దితే, అతని సొంత కారు పాలసీ చేతులెత్తేయవచ్చు, దావా మీ మీదికి వస్తుంది. దానికి హయర్డ్ అండ్ నాన్ ఓన్డ్ ఆటో అని ఉంది, అడిగి చేర్పించుకోండి. మద్యం అమ్మితే లిక్కర్ లయబిలిటీ వేరే. న్యూజెర్సీలో లైసెన్సు దొరకడం కష్టం కాబట్టి చాలా హోటళ్ళలో సీసా కస్టమరే తెచ్చుకుంటాడు. అలా అయినా ఆ సంగతి ఏజెంటుకి చెప్పి, పాలసీ ఏమంటుందో రాతపూర్వకంగా తీసుకోండి.

హోటలు కాని వాళ్ళకీ ఇదే సూత్రం. ఐబ్రో త్రెడింగ్ చేసే అమ్మాయికి, కస్టమరు చర్మం కందితే పనికొచ్చే ప్రొఫెషనల్ లయబిలిటీ కావాలి. నాలాగా సొంత కార్పొరేషన్ మీద కాంట్రాక్టు చేసేవాళ్ళకి ఎర్రర్స్ అండ్ ఒమిషన్స్ కావాలి. మీరు నిజంగా చేసే పని ఏమిటో, అందులో ఏది బెడిసికొడుతుందో ముందు కాగితం మీద రాసుకోండి. ధర తర్వాత అడగండి.

చివరగా ఆ సర్టిఫికెట్ సంగతి. గోడకి తగిలించుకునే ఆ ఒక్క పేజీ పాలసీ కాదు. సమాచారం కోసమే, ఏ హక్కులూ ఇవ్వదు అని దాని మీదే రాసి ఉంటుంది. అసలు పాలసీ తెప్పించుకుని, మినహాయింపులు అని ఉన్న పేజీలు ముందు చదవండి. అర్థం కాకపోతే పలు కంపెనీల పాలసీలు అమ్మే ఇండిపెండెంట్ ఏజెంటుని వంటింట్లోకి పిలిచి, పొయ్యిలన్నీ చూపించండి. కాఫీ ఇవ్వండి, ప్రశ్నలడగండి, జవాబులు ఈమెయిలులో తీసుకోండి.

మరుసటి ఏడు ఆ కంపెనీ మా పాలసీ కొనసాగించలేదు. కొత్తదానికి ప్రీమియం దాదాపు రెట్టింపు. ఈసారి ఫారం నేను ఒక్కణ్ణే నింపలేదు. బావగారు, అక్క, నేను హోటల్లోనే ఒక బల్ల దగ్గర కూర్చుని ఒక్కో ప్రశ్న పైకి చదివాం. వేపుడు ఎంత అన్న దగ్గర బావగారు కొంచెం ఆలోచించి, "బాగా ఎక్కువ అని రాయి బావమరిదీ" అన్నారు. అలాగే రాశాను.

మీరూ ఈ వారం ఒక గంట తీసుకుని మీ పాలసీ ఒకసారి బయటికి తీయండి.