సొసైటీ డబ్బు ఎవరిది?



“సొసైటీ డబ్బు ఎవరిది?” అని మీలో ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. గూడూరు నిమ్మకాయల మార్కెట్లో మూటలు మోసే అన్న ఇచ్చిన పది రూపాయలకూ, షావుకారు ఇచ్చిన వెయ్యికీ ఒకే రకం రసీదు ఇస్తాం.

మన రాష్ట్రంలో 2001 చట్టం ప్రకారం సొసైటీ రిజిస్టరు కావాలంటే కనీసం 7 మంది ఉండాలి. ఒక్కరే అయితే తప్పు జరిగినా అడిగేవారుండరు. సభ్యులు కమిటీని ఎన్నుకుంటారు. కోశాధికారి లెక్క రాసి, ఏడాదికోసారి సర్వసభ్య సమావేశంలో చదువుతారు.

జకాత్ అంటే 100కు రెండున్నర రూపాయలు. అది ఖురాన్ చెప్పిన 8 రకాల వారికే చెందుతుంది. అందుకే జకాత్‌కు వేరే పుస్తకం, సదఖాకు వేరే పుస్తకం. ఆఫీసు కుర్చీలు జకాత్‌తో కొనం.

ఆ డబ్బు మాది కాదు, అమానత్. రేపు ఈ పుస్తకాలు మీ చేతికొస్తాయి. అడగడం ఇప్పుడే నేర్చుకోండి. జవాబు చెప్పడం మా బాధ్యత.